ఎనిమిది వేల కెమేరాలో బొమ్మ ఎలా పడుతుంది?

ఈ రోజుల్లో ఏ కాలేజీకి వెళ్ళినా తరగతికో దర్శకుడు తయారుగా ఉంటున్నాడు. కథ ఉంది, హీరో ఉన్నాడు (తరచు దర్శకుడే!), హీరోయిన్ని ఒప్పించే ప్రయత్నాలు జరుగుతున్నాయి, పాటకి ట్యూను కూడా కుదిరింది. లేనిదల్లా కెమేరా. ఫోనుంది కదయ్యా అంటే మొహం చిట్లిస్తారు. "ఫోన్లో అందరూ తీస్తున్నారండీ, మాకు వేరే లుక్కు కావాలి" అంటారు. ఆ వేరే లుక్కు కోసం వాళ్ళ చూపు ఇప్పుడెక్కడ పడిందో తెలుసా? పది పదిహేనేళ్ళ కిందట పెళ్ళిళ్ళలోనూ, విహారయాత్రల్లోనూ మన అన్నయ్యలూ బాబాయిలూ చొక్కా జేబులో వేసుకు తిరిగిన చిన్న డిజిటల్ కెమేరాల మీద!

ఇది మన ఒక్క ఊరి ముచ్చట కాదు. కెనాన్ కంపెనీ 2016లో తెచ్చిన ఎల్ఫ్ 360 హెచ్.ఎస్. అనే బుల్లి కెమేరాని పెద్ద మార్పులేవీ లేకుండానే 2025లో మళ్ళీ విడుదల చేసింది. మన 'పోకిరి' 2022లో మళ్ళీ థియేటర్లకి వచ్చినట్టన్నమాట. పాత బొమ్మకి కొత్త ఈలలు!

బాగానే ఉంది. కానీ వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఈ కెమేరాల్ని ఫోటోలు చూసి మెచ్చుకుని, వీడియో కోసం కొంటున్నారు మనవాళ్ళు. ఫోటో బాగున్న కెమేరాలో వీడియో బాగుండాలని రూలేమీ లేదు. ఆ పాత ఫోటోల్లో కుర్రకారుని అంతగా కట్టిపడేస్తున్న మెరుపు సగం ఫ్లాషుది. వీడియో తీసేటప్పుడు ఆ ఫ్లాషు వెలగదు! అంటే మీరు మోజుపడ్డ లుక్కులో సగం షూటింగ్ మొదలవకముందే ఎగిరిపోయిందన్నమాట.

ఇక డబ్బా మీద బంగారు అక్షరాలతో అచ్చేసిన "20 మెగాపిక్సెల్స్" సంగతి చూద్దాం. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. పాత కెమేరాల వీడియో 640 బై 480. హెచ్చవేస్తే మూడు లక్షల చుక్కలు. 720 రకం హెచ్.డి. అయితే తొమ్మిది లక్షల పైచిలుకు. 1080 రకం ఫుల్ హెచ్.డి. అయితే దాదాపు ఇరవై ఒక్క లక్షలు, అంటే రెండు మెగాపిక్సెల్స్. అంతే! అలాంటప్పుడు మిగతా పద్దెనిమిది మెగాపిక్సెల్స్ వీడియోకి ఏం చేస్తాయి? ఒక్కోసారి కీడే చేస్తాయి. సెకనుకి పాతిక ముప్ఫై సార్లు అన్ని చుక్కల్నీ చదివే ఓపిక చౌక కెమేరా బుర్రకి ఉండదు. కొన్ని వరసలు చదివి కొన్ని వదిలేస్తుంది. అందుకే సన్నగళ్ళ చొక్కా వేసుకున్న హీరో తెర మీదికి రాగానే, ఆ చొక్కా మీద లేని ఇంద్రధనుస్సు పాకుతుంది. కరెంటు తీగలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి.

నన్నడిగితే, చుక్కల లెక్కకన్నా ముందు చూడాల్సింది వాటిని మోసే పలక సైజు. చవక కెమేరాల్లో బొమ్మ పడే సెన్సర్ వెడల్పు ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. మన పెద్దలు డాక్యుమెంటరీలు తీసిన 16 ఎం.ఎం. ఫిల్ము మీద బొమ్మ వెడల్పు పది మిల్లీమీటర్ల పైన. థియేటర్లలో ఆడిన 35 ఎం.ఎం. మీద సుమారు ఇరవై రెండు. చిన్న పలక మీద వెలుతురు తక్కువ పడుతుంది, కాబట్టి రాత్రి సీనులో నలుపు నలుపుగా ఉండదు, చీమలు పాకినట్టుంటుంది. 2012లో సోనీ వారి ఆర్.ఎక్స్.100 పదమూడు మిల్లీమీటర్ల సెన్సర్ని జేబు కెమేరాలో ఇమిడ్చింది. కానీ అది సెకండ్ హాండులో కూడా మన ఎనిమిది వేలకి దొరికే సరుకు కాదు.

ఎనిమిది వేలంటే ఎవరి ఎనిమిది వేలు అంటారా? చెబుతాను.

మలక్‌పేటలో మా వీధి చివరింట్లో ఒక డిగ్రీ కుర్రాడున్నాడు. సాయంత్రాలు ఒక మందుల షాపులో పనిచేసి, నెలనెలా కొంత దాచి ఎనిమిది వేలు పోగుచేశాడు. వాళ్ళ తాతగారిది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఒకప్పుడు టూరింగ్ టాకీస్ ఆపరేటరు. టాకీస్ మూతపడ్డాక దాని ప్రొజెక్టరు తాతగారి పశువుల కొట్టంలో ఒక మూలకి చేరింది. ఇప్పుడా స్థలం అమ్ముడైంది. సంక్రాంతి వెళ్ళగానే మెషీన్ని పాత ఇనుము వాళ్ళకి తూకానికి ఇచ్చేస్తారట. ఈలోగా తాతగారు ఆ మెషీన్ పక్కన నిలబడి, ఫిల్ము ఎలా ఎక్కించేవారో, కార్బన్ కడ్డీలు అరిగేకొద్దీ చేత్తో ఎలా దగ్గరికి జరిపేవారో చేసి చూపిస్తుంటే పదిహేను నిమిషాల చిత్రం తీయాలని మనవడి పట్టుదల. తాతగారికి ఎనభై దాటాయి. రెండో టేకు ఉండదు!

"అన్నా, నువ్వు సినిమా వాళ్ళ మధ్య తిరుగుతావు కదా, ఏది కొనాలో నువ్వే చెప్పు" అన్నాడు.

"నేను చెప్పేదేంట్రా, పోయి చూద్దాం పద" అన్నాను.

అబిడ్స్ జగదీష్ మార్కెట్, కోఠీ గుజరాతీ గల్లీ... రెండు శనివారాలు తిరిగాం. మా షరతు ఒక్కటే. మెమరీ కార్డు మాది, షాపులోనే ప్రతి కెమేరాతోనూ రెండేసి నిమిషాలు తీసుకుంటాం, ఇంటికెళ్ళి చూసుకుని వచ్చి కొంటాం. ఒకాయన "కొనేదుంటే కొనండి, ఇదేమన్నా షూటింగా?" అని కసిరాడు. ఇంకొకాయన మాత్రం స్టూలు వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, తన మొహాన్నే మోడల్‌గా ఇచ్చాడు! అలా నాలుగు కెమేరాలు దొరికాయి. కంపెనీల పేర్లు మాత్రం రాయను. పాత సరుకు ఒక్కొక్కటి ఒక్కోలా అరిగి ఉంటుంది. ఒక్క పీసుని చూసి కంపెనీని అనడం న్యాయం కాదు.

మొదటిది పెన్సిల్ బాటరీలతో నడిచే పాతకాలపు సరుకు, 640 బై 480. రెండోది 720, సి.సి.డి. సెన్సర్. మూడోది ఫుల్ హెచ్.డి., సెకనుకి 24 ఫ్రేములు, సీమాస్ సెన్సర్. నాలుగోది ఊరూ పేరూ లేని కొత్త సరుకు. డబ్బా మీద "4కె" అనీ, "48 మెగాపిక్సెల్స్" అనీ ఉంది. ఐదోదిగా కుర్రాడి ఫోను కూడా పందెంలోకి దించాం.

షాపులో ఏం తీశాం?

అన్నిటితోనూ అవే షాట్లు. గుమ్మంలో మనిషిని నిలబెట్టి వెనక ఎండ. షాపు లోపలి చీకటి మూల. నెత్తిన ట్యూబులైటు. బయట కరెంటు స్తంభాల మీదుగా ఎడమ నించి కుడికి కెమేరా తిప్పడం. చివరికి రెండు గజాల దూరాన నిలబడి మామూలు గొంతుతో నాలుగు మాటలు. తాతగారి కొట్టంలో ఉండబోయేవి అవే కదా! తలుపులోంచి వెలుతురు, లోపల చీకటి, ఒక్క బల్బు. మీరు డ్యూయెట్ తీయబోతుంటే వేరే షాట్లు తీసి చూడండి. కెమేరా వెనకనున్న రెండున్నర అంగుళాల తెర మీద మాత్రం ఏదీ నిర్ణయించకండి. అంత చిన్న తెర మీద ఏ వీడియో అయినా రంభలాగే ఉంటుంది.

ఆ రాత్రి వాళ్ళింట్లో టీవీకి తగిలించి చూశాం. కంటి ఆపరేషనుకని వచ్చిన తాతగారు కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక కంటికి ఆపరేషనైంది, రెండోది ఇంకా కావాలి. అయితేనేం, ఆయన చూపు చూపే!

720 సి.సి.డి. కెమేరాలో రంగులు ముద్దొచ్చాయి, నిజం చెప్పొద్దూ! కానీ ట్యూబులైటు ఫ్రేములోకి వచ్చిందో లేదో, దాని నించి పైకీ కిందికీ తెల్లటి గీత ఒకటి నిలువునా తెరని చీల్చింది. ఇది సి.సి.డి. జాతికే ఉన్న జబ్బు. మరీ ప్రకాశంగా ఉన్న చోట పొంగిన కరెంటు, బొమ్మని వరసల్లో కిందికి జరిపేటప్పుడు ఆ నిలువు వరసంతా అంటుకుంటుంది. ఫోటోల్లో షట్టరు మూసుకుంటుంది గనుక కనిపించదు, వీడియోలో దాగదు. సీమాస్‌లో ఈ గీత లేదు గాని దానికి ఇంకో జబ్బుంది. అది బొమ్మని పైనించి కిందికి ఒక్కో అడ్డవరసా చదువుతుంది. కెమేరాని విసురుగా తిప్పితే పై వరస చదివే వేళకీ, కింది వరస చదివే వేళకీ స్తంభం జరిగిపోయి ఉంటుంది. అందుకే మా కరెంటు స్తంభాలన్నీ కల్లు తాగినట్టు ఒరిగాయి. స్టాండు మీద పెట్టి, మెల్లిగా తిప్పితే పోతుంది. ఆ గీత మాత్రం ఏం చేసినా పోదు. కాబట్టి దీపాలున్న సీను తీసేవాళ్ళు సి.సి.డి. రంగుల మాయలో పడకండి.

4కె డబ్బా సంగతి చెప్పమంటారా? గుమ్మం షాట్ రాగానే తాతగారు, "తెల్లచొక్కా బ్రహ్మాండంగా ఉంది. చొక్కా మీద మొహమేదిరా?" అన్నారు. నిజమే, మొహం బొగ్గుముద్ద! ఫైలు సైజు చూశాను. నిమిషం వీడియో అరవై ఎం.బి. కూడా లేదు. ఈ లెక్క మీరూ వేసుకోవచ్చు. జేబు కెమేరాల్లో చాలాకాలం నడిచిన ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతిలో మంచి క్వాలిటీ ఫుల్ హెచ్.డి.కి సెకనుకి 24 మెగాబిట్లు పడతాయి. అంటే నిమిషానికి 180 ఎం.బి. అంతకు నాలుగు రెట్ల చుక్కలుండే 4కె వీడియో అందులో మూడో వంతు సైజులో ఇమిడిందంటే, ఆ వివరాలన్నీ ఎక్కడికి పోయినట్టు? అసలు లేనే లేవు! చిన్న బొమ్మని సాగదీసి 4కె అని పేరు పెట్టారు. అయితే ఒక జాగ్రత్త. పాత కెమేరాలు మోషన్ జేపెగ్ పద్ధతిలో ప్రతి ఫ్రేమునీ విడివిడి ఫోటోలా దాస్తాయి గనుక ఫైలు పెద్దదవుతుంది, బొమ్మ గొప్పదని కాదు. సైజు పోల్చేది ఒకే పద్ధతిలో తీసిన వాటినే.

ఫోను? ఎండలో అన్నిటికన్నా దిట్టంగా ఉంది, ఒప్పుకోవాలి. చీకటి మూలకి వెళ్ళేసరికి, అక్కడ మనవడు కూర్చోబెట్టిన ముసలి వాచ్‌మన్ మొహం మైనపుబొమ్మయిపోయింది. చీమల్ని తుడవబోయి ఫోను ముడతల్ని కూడా తుడిచేసింది. "ఇదెవర్రా, మేకప్ ఇంత దట్టంగా వేశారు?" అన్నారు తాతగారు. అది ఏడెనిమిది వేల ఫోను గనుక అలా ఉంది. మీ చేతిలో ఖరీదైన ఫోనుంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపి, వెళ్ళి కథ రాసుకోండి. ఈ కెమేరాలేవీ దానికి సాటి రావు. వీటిలో ఉండి దానిలో తరచు లేనిది అసలైన జూము ఒక్కటే.

మమ్మల్ని ఆశ్చర్యపరిచింది ఆ పెన్సిల్ బాటరీల ముసలి కెమేరా! బొమ్మ పెద్ద టీవీ మీద మసకే. కానీ మొహం మీద ఫోకస్ కదల్లేదు. పాత కెమేరాలు చాలావరకు రికార్డింగ్ మొదలయ్యే క్షణాన ఫోకస్ పెట్టి అక్కడే బిగించేస్తాయి. కొత్తవి మధ్యమధ్యలో వెతుక్కుంటాయి, మనిషి మాట్లాడుతుండగానే మొహం ఒకసారి మసకబారి మళ్ళీ తేలుతుంది. నడిచే మనిషికి కొత్తది, కూర్చున్న మనిషికి పాతది! తాతగారికి నచ్చింది కూడా ఇదే. "ఫోకస్ నిలబడనిది బొమ్మ కాదు, జనం కుర్చీలు విరగ్గొడతారు" అన్నారు. టూరింగ్ టాకీస్‌లో కుర్చీల క్లాసు ఒక్క వరసే ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

కాని పెద్ద తెర మీద వేయాలంటే మూడు లక్షల చుక్కలు చాలవు కదా. చివరికి ఫుల్ హెచ్.డి. కెమేరానే మళ్ళీ మళ్ళీ వేసి చూశాం. గుమ్మం షాట్‌లో చొక్కా కొంచెం తెల్లబోయినా మొహంలో కళ్ళు కనిపిస్తున్నాయి. చీకట్లో చీమలున్నాయి, కానీ ముడతలు కూడా ఉన్నాయి. మెనూలో ఫోకస్ బిగించే వీలుంది. తాతగారు టీవీ దగ్గరగా జరిగి, "ఇది వేసుకోవచ్చురా" అన్నారు. అయిదు వేల అయిదొందలకి బేరం కుదిరింది.

వణికే ట్యూబులైటు

ఒక్క లోపం మిగిలింది. ట్యూబులైటు కింద తీసిన షాట్‌లో నల్లటి పట్టీలు కిందికీ పైకీ పాకుతున్నాయి. మన దేశంలో కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతుంది, దీపం వందసార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు, కెమేరాకి తెలుస్తుంది. షట్టరు వేగం యాభయ్యో వంతు గాని, నూరో వంతు గాని అయితే పట్టీలు మాయం. అరవై సైకిళ్ళ కరెంటున్న అమెరికా నించి వచ్చిన కెమేరాలు కొన్ని అరవయ్యో వంతు దగ్గర మొండికేస్తాయి. మెనూలో పాల్, ఎన్‌టిఎస్‌సి అని గాని, 50, 60 హెర్ట్జ్ అని గాని ఉందేమో చూడండి. చౌకరకం ఎల్.ఇ.డి. బల్బులతోనూ ఇదే తంటా. ఇదేదో చవక కెమేరాల బాధ అనుకోకండి. సెకనుకి 24 ఫ్రేములతో తీసే పెద్ద సినిమా కెమేరామెన్లు కూడా మన దేశంలో ఇలాంటి దీపాల కింద షట్టరుని 180 డిగ్రీల నించి 172.8కి జరుపుతారు. లెక్క వేసి చూడండి, సరిగ్గా యాభయ్యో వంతే వస్తుంది! మా కెమేరాలో షట్టరు మార్చే వీల్లేదు. అందుకని కొట్టంలో మామూలు ఫిలమెంటు బల్బు వేయాలని తీర్మానించాం. దాని తీగ వేడి అంత తొందరగా చల్లారదు గనుక మిణుకు బాధ నామమాత్రం.

చిన్న కెమేరా అని చిన్నబుచ్చుకునే వాళ్ళకి ఒక మాట. డెన్మార్క్ దర్శకుడు థామస్ వింటర్‌బర్గ్ 'ఫెస్టెన్' చిత్రాన్ని జనం ఇళ్ళలో వాడుకునే రకం చేతి వీడియో కెమేరాతో తీస్తే, 1998లో కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చింది. దానికి కెమేరా పట్టిన ఆంథొనీ డాడ్ మాంటిల్ గారే తర్వాత 'స్లమ్‌డాగ్ మిలియనేర్'కి ఆస్కార్ అందుకున్నారు. మన రామ్‌గోపాల్ వర్మ గారు 2011లో 'దొంగల ముఠా'ని కెనాన్ 5డి స్టిల్ కెమేరాలతో అయిదు రోజుల్లో చుట్టేశారు. ఆ 5డి సెన్సర్ మన బుల్లి కెమేరాది కన్నా వైశాల్యంలో ముప్ఫై రెట్లు పెద్దదనుకోండి, ఆ పోలిక మరీ సాగదీయకూడదు.

శబ్దం విషయంలో మాత్రం ఈ కెమేరాలన్నీ ఒకే తాను గుడ్డలు. బయటి మైకు పెట్టుకునే రంధ్రం చవక రకాల్లో దాదాపు ఉండదు. జూము నొక్కితే మోటారు గుర్రుమంటుంది (కొన్ని పాతవి ఆ గొడవకే రికార్డింగ్‌లో జూముని బిగించేస్తాయి). మందు మన చేతిలోనే ఉంది. ఫోన్లో రికార్డరు ఆన్ చేసి మనిషి జేబులో పెట్టండి, కెమేరా ముందు ఒక్క చప్పట్లు కొట్టండి. బొమ్మలో చేతులు కలిసిన ఫ్రేమునీ, ఫోన్లోని చప్పుడునీ కలిపేస్తే సరి. స్టూడియోల్లో క్లాప్ కొట్టేది ఊరికే అనుకున్నారా!

కుర్రాడు డిసెంబరు చివరి వారంలో ఊరెళ్ళి రెండు రోజులు తీశాడు. ఈ కెమేరాలు ఏకబిగిన తీయవు. కొన్ని పది నిమిషాలకి, కొన్ని ఫైలు 4 జీబీ నిండగానే, కొన్ని 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోతాయి. ఈ చివరి అంకె వెనక ఒక కథుంది. యూరప్‌లో అరగంట దాటి రికార్డు చేసే కెమేరాని వీడియో కెమేరా కింద జమకట్టి సుంకం వేసేవారు, అది తప్పించుకోవడానికి కంపెనీలు ఒక్క సెకను ముందు ఆపేశాయి. తాతగారు కార్బన్ కడ్డీల సంగతి చెబుతుండగా కెమేరా ఆగిందట. మనవడు కంగారు పడబోతే ఆయనే "రీలయిపోయిందా? మార్చుకో, ఈలోగా నేను బీడీ తాగొస్తా" అని లేచారట. ఒక్క ప్రొజెక్టరుతో ఆట ఆడించిన మనిషికి రీలు రీలుకీ విరామం కొత్తేముంది!

మిగిలిన రెండు వేల అయిదొందల్లో కొత్త బాటరీలు రెండు, కార్డు ఒకటి, చిన్న స్టాండు ఒకటి వచ్చాయి. పాత కెమేరాతో ఇచ్చే పాత బాటరీని నమ్మకండి, పావుగంటలో చేతులెత్తేస్తుంది. చార్జరు అసలుదో కాదో చూసుకోండి. జూము లోపలికీ బయటికీ నాలుగుసార్లు ఆడించి కిరకిరలు వినండి. తెల్లగోడని తీసి లెన్సులో దుమ్ము మచ్చలున్నాయేమో చూడండి. ఒలింపస్, ఫ్యూజీ వారి పాత మోడళ్ళు కొన్ని 2002లో వచ్చిన ఎక్స్.డి. కార్డుతోనే పనిచేస్తాయి. ఇప్పుడా కార్డు వెతకడం కన్నా హీరోయిన్ని వెతకడం సులువు. మామూలు ఎస్.డి. కార్డు పట్టే కెమేరానే అడగండి. మరీ పాత మోడళ్ళు 2 జీబీ దాటిన కార్డుని చదవవు, కాబట్టి జేబులో 2 జీబీ కార్డు కూడా ఒకటి వేసుకుని వెళ్ళండి.